ఎండకు పెట్టిన కొబ్బరినూనె

చాచా పోయాడని మొన్న పొద్దున ఆయన పెద్దకొడుకు ఫోన్ చేసి చెప్పాడు. పొయ్యి మీద పాలున్నాయి. అవి పొంగి, మాడి, ఇల్లంతా వాసన వచ్చేదాకా నేను ఫోన్ పట్టుకునే నిలబడిపోయాను. పెద్ద వయసు మనిషి. మంచాన పడలేదు, ఎవరిచేతా చాకిరీ చేయించుకోలేదు. తెల్లారి లేచి, ముఖం కడుక్కుని, వాకిట్లో కుర్చీలో కూర్చుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. అంతకన్నా మంచి చావు ఎవరికొస్తుందని అందరూ అంటున్నారు. నిజమే కావచ్చు. నాకు మాత్రం ముందు కోపమే వచ్చింది. ఏ చెడిపోయిన సామాను తీసుకెళ్లి ముందు పెట్టినా "సచ్చిపోలేదు బిడ్డా, అలిగింది గంతే" అనే మనిషి, తన వంతు వచ్చేసరికి అలగడం దగ్గర ఆగకుండా ఏకంగా వెళ్లిపోతే కోపం రాదా?

ఆయన నాకు రక్తసంబంధం కాదు. దేవరకొండలో మా ఇంటికీ వాళ్ల ఇంటికీ నడుమ ఒక్కటే గోడ. మేం గొర్రెలు కాసుకునేవాళ్లం, వాళ్లు సాయిబులు. మా బాపు ఆయన్ని "భాయి" అనేవాడు, ఆయన మా బాపును "అన్నా" అనేవాడు, మేం పిల్లలం చాచా అనేవాళ్లం. నందికొండలో నాగార్జునసాగర్ డ్యాం కడుతున్న రోజుల్లో ఆయన తండ్రి అక్కడ పనిచేశాడు. ఆ కాలనీలో రేడియోలు బాగుచేసే ఒకాయన దగ్గర చాచా పని నేర్చుకుని, పెళ్లయ్యాక మా ఊరి బస్టాండు దారిలో దుకాణం పెట్టాడు. రేడియోలు, టేపురికార్డర్లు, తర్వాత టీవీలు, మిక్సీలు. కరెంటుతో నడిచేది ఏదైనా ఆ దుకాణం గడప ఎక్కాల్సిందే.

చాచాకు గర్వం జాస్తి. అందులో సగం పనితనం గురించి, సగం జుట్టు గురించి. ఒత్తుగా, నల్లగా, నుదుటి మీద అల తిరిగి ఉండేది. దుకాణంలో పనిముట్ల మధ్యే చిన్న అద్దం, దువ్వెన, వెడల్పు మూతి సీసాలో కొబ్బరినూనె ఉండేవి. గిరాకీ ఎంతమంది నిలబడ్డా సరే, తల దువ్వుకోవడం అయ్యేదాకా పనికి చెయ్యి వేసేవాడు కాదు. చాచీ ఊరికే ఉంటుందా, "మీటరు చెడిపోతే ఇంకోటి కొంటడు, దువ్వెన పోతే దుకాణం బంద్ పెడ్తడు" అని మా అవ్వతో చెప్పి నవ్వేది.

పని మొదలుపెట్టే పద్ధతి కూడా ఆయనదే. సామాను మూత తీయడానికి ముందు, తెచ్చినవాళ్లను కూర్చోబెట్టి హకీము రోగిని అడిగినట్టు అడిగేవాడు. నిన్న ఇది ఏం తిన్నది? ఎక్కడ పడుకున్నది? ఎవరు ముట్టుకున్నారు? ఏం కాలేదు, ఉన్నట్టుండి ఆగిపోయిందని అందరూ ఒకే పాట పాడేవాళ్లు. "ఉన్నట్టుండి ఆగేది మనిషి గుండె ఒక్కటే. గిది మిషన్. జర యాది చేసుకో" అనేవాడు. ఆలోచిస్తే ఏదో ఒకటి బయటపడేది. మనవడు టేపురికార్డర్‌లో గోలీ వేశాడనో, టీవీ మీద పెట్టిన పూలకుండీలో నీళ్లు ఎక్కువయ్యాయనో.

మా బాపు రేడియో సంగతి చెప్పాలి. ఎనభైల్లో నేను నల్లగొండలో డిగ్రీ చదువుతున్నాను. బాపు గొర్రెల వెంట పోతూ రేడియోను సద్దిమూటలోనే కట్టుకునేవాడు. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, రేడియో, అన్నీ ఒకే మూటలో. నేను సెలవులకు వచ్చేసరికి అది మూగబోయి ఉంది. ఇద్దరం చాచా దగ్గరికి పట్టుకెళ్లాం. ఆయన తన మామూలు ప్రశ్న అడిగితే, తాను తిన్నదే అదీ తిన్నదని బాపు హాస్యమాడాడు. మూత తీసి చూస్తే అక్షరాలా అంతే. లోపల నిండా రొట్టెపొడి. దాని కోసం వచ్చిన చీమలు అక్కడే కాపురం పెట్టి, గుడ్లు కూడా పెట్టేశాయి. ఇంకొకరైతే ఒక్క ఊపు ఊపి దులిపేసేవాళ్లు. చాచా రేడియోను గోడవారగా పెట్టి, పక్కన చిన్న బెల్లంముక్క ఉంచి, మమ్మల్ని మర్నాడు రమ్మన్నాడు. మర్నాటికి చీమలు గుడ్లతో సహా బెల్లం పక్కకు మకాం మార్చాయి. రేడియో పలికింది. "కాపురమున్నోళ్లను కొట్టి ఎల్లగొట్టొద్దన్నా. మంచి జాగ చూపిస్తె వాళ్లే పోతరు" అన్నాడు బాపుతో. బాపు ఆ మాటను చాలా ఏళ్లు తన మాటలాగా అందరికీ చెప్పుకు తిరిగాడు.

షార్టు సర్క్యూట్ అంటే ఏమిటో నాకు కాలేజీలో చెప్పిన పాఠం కన్నా చాచా చెప్పిందే ఎక్కువ గుర్తుంది. కరెంటుకు బద్ధకం ఎక్కువ అనేవాడు. దానికి అప్పగించిన పని చేసుకుంటూ చుట్టూ తిరిగి ఇంటికి పోవాలి. నడుమ ఎక్కడైనా అడ్డదారి దొరికిందా, పని ఎగ్గొట్టి అందులోంచి దూకి పోతుంది. అంత కరెంటు ఒక్క సందులోంచి దూకితే ఆ సందు వేడెక్కకుండా ఉండదు. "తప్పు చేసినోడు సల్లగుండడు బిడ్డా" అనేవాడు. ఈ మాటను మనుషులకు కూడా వాడేవాడు. మా వాడలో తగువు వస్తే, ఎవరు ఎక్కువగా అరుస్తున్నారో చూసి వాళ్లనే పక్కకు తీసుకెళ్లి చాయ్ తాగించేవాడు. సగం తగువులు ఆ చాయ్‌తోనే చల్లారేవి.

ఇక నేను ఈ నాలుగు మాటలు రాయడానికి అసలు కారణమైన సంగతికి వస్తాను. తొంభైల చివర్లో నేను దేవరకొండలోనే ఒక చిన్న సంస్థలో పనిచేసేదాన్ని. ఊరూరా తిరిగి బోర్ల నీళ్లు, బావుల నీళ్లు సీసాల్లో పట్టి, వాటిలో ఫ్లోరైడ్ ఎంత ఉందో చూసే పని. ఆ పని నాకు జీతం కోసమే కాదు. మా అక్కను ఇచ్చిన ఊళ్లో బోరునీళ్ల నిండా ఫ్లోరైడే. అక్క కూతురికి పళ్లు పచ్చబడ్డాయి, బడికి పోయే వయసుకే మోకాళ్లు వంగాయి. నడిచేటప్పుడు ఒక చెయ్యి మోకాలి మీద ఆనించి నడిచేది. అక్క మళ్లీ కడుపుతో ఉంది. కృష్ణానీళ్ల పైపులు ముందుగా ఏ ఊళ్లకు వేయాలో తేల్చే మీటింగు నల్లగొండలో జరగబోతోంది. ఏ ఊళ్లో ఏ బోరు ఎంత చెడ్డదో మా సంస్థ వరస కట్టి అక్కడ ఇవ్వాలి. ఆ వరసలో అక్క ఊరు పైన ఉంది. ఆ మీటింగుకు మా వరస అందకపోతే మళ్లీ ఎప్పుడు అడుగుతారో ఎవరికీ తెలియదు, అక్క కడుపులో బిడ్డ ఆగదు కదా.

లెక్కలన్నీ ఒక ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. హైదరాబాదు వాళ్లు మాకు వాడుకోమని పంపిన మిషన్ అది. ఇటుకలా బరువు. అలాంటిది మా ఊళ్లో అప్పటికి ఇంకెవరి దగ్గరా లేదు. ఫ్లాపీల్లో కూడా లెక్కలు ఎక్కించి పెట్టాం గానీ మా దుమ్ముకూ ఎండకూ అవి ఒక్కటీ నిలవలేదు. ఊరూరా లెక్కలు రాసుకున్న చీటీలు బస్తాల్లో ఉన్నాయి. అవన్నీ మళ్లీ ఎక్కించాలంటే మీటింగు అయిపోయి వేసవి వచ్చేస్తుంది. మార్గశిరమాసంలో ఒక పొద్దున ఆ మిషన్ మీట నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. హైదరాబాదుకు ఫోన్ చేస్తే, లోపలి బోర్డు మొత్తం మార్చాలి, అది విదేశం నుంచి రావాలి, అందాకా ఆగండి అన్నారు. వాళ్లనీ తప్పుపట్టలేం. నేను మిషన్‌ను చీరకొంగులో చుట్టుకుని బస్టాండు దారి పట్టాను.

చాచా దాన్ని ముట్టుకోలేదు. దుకాణంలో దుమ్ముంది, వెలుతురు సరిగా లేదు, ఈ రోజు మంగళవారం, ఇలా ఏవేవో చెప్పాడు. సాయిబుకు మంగళవారం అడ్డమేమిటని నేను అడగలేదు. భయపడ్డాడని తెలుస్తూనే ఉంది, కానీ ఆయన నోటితో ఆ మాట రాదు. నేను అక్క సంగతి చెప్పాను. ఆయనకు అక్క పుట్టినప్పటి నుంచి ఎరుక. అద్దంలో ఒకసారి జుట్టు చూసుకుని, మిషన్‌ను తన వైపు లాక్కున్నాడు. "నాకీ డబ్బ సంగతి తెల్వదు బిడ్డా. కరెంటు సంగతి తెలుసు. కరెంటు యాడైనా ఒక్కటే" అన్నాడు. తర్వాత మామూలు ప్రశ్న. ఇది ఏం తిన్నది?

ఏమీ తినలేదన్నాను. ఆయన వదలలేదు. పండుగల దాకా వెనక్కి వెళ్లాక గుర్తొచ్చింది. దసరాకు మా ఆఫీసులో ఆయుధపూజ చేశాం. జీపు, నీళ్లు పరీక్షించే పెట్టె, బోరు రెంచీలు, వాటి పక్కన పీట వేసి ల్యాప్‌టాప్. అన్నింటికీ పసుపు, కుంకుమ, బంతిపూలు. డ్రైవరు కొబ్బరికాయ కొట్టాడు. వంట చేసే పెద్దమ్మ ఆ కొబ్బరినీళ్లు గిన్నెలో పట్టి, మామిడాకుతో అన్ని ఆయుధాల మీదా భక్తిగా చల్లింది. కొత్త ఆయుధమని దీనికి కాస్త ఎక్కువే చల్లింది. ఆ రోజు బాగానే పనిచేసింది కాబట్టి మాలో ఎవరికీ అనుమానం రాలేదు. విని చాచా కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. జీపు తాగితే తాగింది గానీ దీనికి కూడా తాపిండ్రా అని గొణిగి, స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు.

మీటల పలక ఎత్తితే కింద బోర్డు మీద ఒక మూల పచ్చటి చిలుము పట్టి ఉంది. కొబ్బరినీళ్లలోని ఉప్పు మెల్లగా కొరికిన చిలుము. చాచా ముఖం వెలిగిపోయింది. దవాఖానా నుంచి తెప్పించిన స్పిరిట్‌తో, పళ్లు తోముకునే బ్రష్‌తో శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, మళ్లీ బిగించి మీట నొక్కాడు. అలకగానే పండుగ అవుతుందా? మిషన్ అలాగే ఉంది. మీటరు పెట్టి చూస్తే ముల్లు ఒక వైపుకు పడిపోయింది, అంటే ఎక్కడో కరెంటు అడ్డదారిలో భూమికి దూకుతోంది. కానీ ఎక్కడ? ఆ దారి మీద నువ్వుగింజంత భాగాలు బోలెడు వేలాడుతున్నాయి. అన్నీ ఒకే తీగకు అంటుకుని ఉండడంతో ఏది ముట్టుకున్నా మీటరు అదే మాట చెబుతోంది. ఒక్కొక్కటీ ఊడదీసి చూద్దామంటే, టీవీలకు వాడే ఆయన సోల్డరింగ్ ఐరన్ మొన ఆ గింజల ముందు గునపమే. అయినా మొండివాడు రాజుకన్నా బలవంతుడు. రేడియోకు కరెంటిచ్చే చిన్న ఎలిమినేటరు తెచ్చి, నడుమ ఒక టార్చిబల్బు వేసి, అతి కొంచెం కరెంటు ఆ దారిలోకి పంపాడు. తప్పు చేసింది వేడెక్కుతుందని ఆయన లెక్క. వేడెక్కిందేమో గానీ అంత చిన్న వేడి వేలికి అందలేదు. చూపుడు వేలు పెట్టి చూశాడు, పెదవి ఆనించి చూశాడు, నన్నూ చూడమన్నాడు. పొద్దు గుంకింది. ఆ సాయంత్రం ఆయన చాయ్ కూడా తాగలేదు. నేను ఇంటికొచ్చి గోడకు ఇవతల కూర్చుని ఏడ్చాను.

మర్నాడు తెల్లవారి చలి కొరికేస్తోంది. గోడ అవతల నుంచి కేకలు. ఏమైందో అని పరుగెత్తాను. చాచా లుంగీ మీద, భుజాన తువ్వాలుతో, చేతిలో నూనె సీసాతో వాకిట్లో నిలబడి ఉన్నాడు. కొబ్బరినూనె రాయిలా గడ్డకట్టింది. వేలితో గీరి అరచేతిలో వేసుకున్నాడట తలకు పెట్టుకుందామని. తెల్లటి ముద్ద, చేతివేడికి అంచుల నుంచి తేటపడి కరిగిపోవడం చూశాడు. అంతే, తల సంగతి మరిచిపోయాడు. ఆయన జీవితంలో తల సంగతి మరిచిపోయిన పొద్దు అదొక్కటే అని చాచీ ఇప్పటికీ చెబుతుంది.

వాకిట్లో నీడన స్టూలు వేసి, రాత్రి దుకాణం నుంచి పనిముట్లతో సహా ఇంటికి తెచ్చుకున్న బోర్డును దాని మీద పెట్టాడు. సీసాను చాచీ పొయ్యి దగ్గర కాస్త కరిగించి తెచ్చింది. కోడి ఈకతో బోర్డు మీద పలచగా నూనె పూశాడు. చలిగాలికి అది కాసేపట్లో తెల్లగా పేరుకుంది, అద్దం మీద ఊపిరి ఊదినట్టు. అప్పుడు ఎలిమినేటరు మీట వేశాడు. చూపు ఆనడం తగ్గిందని ఆయన ఒప్పుకునేవాడు కాదు, ఆ రోజు మాత్రం నా భుజం పట్టి ముందుకు వంచి "నీ కండ్లు పెట్టు బిడ్డా" అన్నాడు. చాచీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది, ఊపిరి తగిలినా నూనె కరుగుతుందని. నాకు తెలుపు తప్ప ఏమీ కనిపించలేదు. చూస్తూ చూస్తూ ఉండగా, చిలుము పట్టిన మూలకు ఎంతో దూరంలో, మేం అసలు అనుమానించని చోట, ఒక గింజ చుట్టూ తెలుపు విడిపోయింది. ఆవగింజంత తేట. అది మెల్లగా కందిగింజంత అయింది. నేను దాని వైపు వేలు చూపించాను.

"దొరికిండు దొంగ" అన్నాడు చాచా, చాలా మెల్లగా.

ఐరన్ మొనను ఆకురాయితో సన్నగా అరగదీసి, కుడిచేతిని ఎడమచేత్తో ఆనించి పట్టుకుని, ఆ గింజను లేపేశాడు. మీటరు ముల్లు లేచి తన చోటికి వచ్చింది. ఆ గింజ లేకపోతే మిషన్ నడుస్తుందా అని అడిగాను. ఇంట్ల పది మంది పనిచేస్తుంటె ఒక్కడు సెలవు పెడ్తె వంట ఆగుతదా అన్నాడు. నూనె కడిగి, అన్నీ బిగించి మీట నొక్కితే తెర మీద వెలుగు వచ్చింది. లెక్కలు ఎక్కడివక్కడ ఉన్నాయి. అక్క ఊరి పేరు ఆ వరసలో కనపడగానే నేను చాచా కాళ్లకు దండం పెట్టబోయాను. ఆయన వెనక్కి జరిగి, ముందు మీ చాచీని చాయ్ పెట్టమను అన్నాడు. నిన్నటి చాయ్ కూడా కలిపి తాగాడు.

ఆ మీటింగుకు కాగితాలు అందాయి. ఆ వెంటనే పైపులు పడ్డాయని రాస్తే అబద్ధమవుతుంది. ఇలాంటి పనులు ఎంత నిదానంగా అవుతాయో మీకు తెలియనిది కాదు. ముందు ట్యాంకరు వచ్చింది, తర్వాత కుళాయి వచ్చింది. కానీ అక్క ఊరు మొదటి వరసలోనే వచ్చింది. అక్క కూతురి కాళ్లు సరికాలేదు, వంగిన ఎముక మళ్లీ నిటారుగా రాదని డాక్టర్లు ముందే చెప్పారు. ఆ పిల్ల ఇప్పుడు అదే ఊరి బడిలో టీచరు. ఆ ఏడాది పుట్టిన దాని తమ్ముడు మాత్రం మంచినీళ్లు తాగి పెరిగాడు. వాడి కాళ్లు కొలబద్ద పెట్టి గీసినట్టు ఉంటాయి. చిన్నప్పుడు వాణ్ణి దేవరకొండ తీసుకొస్తే చాచా దుకాణం ముందు రోడ్డు మీద అటు చివరి నుంచి ఇటు చివరికి పరుగెత్తమనేవాడు. వాడు ఉరుకుతుంటే దారినపోయే వాళ్లను ఆపి చూపించి "గిది నా రిపేరే" అని చెప్పుకునేవాడు. వినయం అనేది ఆయన ఒంట్లో లేదు. అది లేనందుకు నేను ఎప్పుడూ సంతోషించాను.

ఆ తర్వాత ప్రతి దసరాకు చాచా మా ఆఫీసుకు తానే వచ్చేవాడు. బంతిపూలు తానే పట్టుకొచ్చేవాడు. ల్యాప్‌టాప్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని "బొట్టు పెట్టుండ్రి, దండ వెయ్యుండ్రి, నీళ్లు మాత్రం తాపకుండ్రి" అని కాపలా కాసేవాడు. పూజయ్యాక మేం జమ్మి ఆకు చేతిలో పెడితే జేబులో వేసుకుని వెళ్లి, దుకాణంలో స్క్రూల డబ్బాలో దాచుకునేవాడు. ఆ డబ్బా అడుగున ఎన్ని పండుగల ఆకులు ఎండి ఉన్నాయో, నిన్న ఆయన కొడుకు తీసి చూపించాడు. బంగారం అని మేం ఇచ్చినదాన్ని ఆయన నిజంగా బంగారంలాగే దాచాడు.

నిన్న మొదటి బస్సుకు దేవరకొండ వెళ్లాను నేను. చాచీ ఇద్దత్‌లో ఉంది, మొగుడు పోయాక నాలుగు నెలల పైన ఇల్లు కదలకుండా, సింగారం లేకుండా పాటించే దీక్ష అది. లోపలి గదిలో తెల్లచీరలో కూర్చుని ఉంది. నేను పోయి ఆమె పక్కన కూర్చున్నాను. ఎండ వాకిట్లోకి వచ్చాక ఆమె కిటికీలోంచి చెయ్యి చాపి, మా రెండిళ్ల నడుమ గోడను చూపించింది. గోడ మీద నూనె సీసా ఉంది. మొన్న పొద్దున తలకు పెట్టుకుందామని ఎండకు పెట్టి, కరిగేదాకా కుర్చీలో కూర్చున్నాడట. ఎవరూ దాన్ని కదపలేదు. రాత్రి చలికి మళ్లీ గడ్డకట్టి ఉంది. ఎండ తగిలిన వైపు మాత్రం తెలుపులో చిన్న తేట మొదలైంది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆవగింజంత, తర్వాత కందిగింజంత. చాచీ కూడా దాన్నే చూస్తోందని కాసేపటికి గమనించాను.

వేలెడు నూనె కరిగాక సీసా తెచ్చి ఇమ్మంది. తెచ్చి ఇచ్చాను. నన్ను తన ముందు కూర్చోబెట్టుకుని నా జుట్టు ముడి విప్పింది. "నేను ఇద్దత్‌ల ఉన్న, పెట్టుకోను. ఆయన ఎండకు పెట్టింది పారబొయ్యబుద్ధి అయితలేదు. నువ్వు పెట్టుకో బిడ్డా" అంటూ నా నడినెత్తిన పోసింది.

నూనె వెచ్చగా ఉంది.